ఎక్కడ ఆపాలో చెప్పిన పిన్నిగారు

పిన్నిగారు పోయారు. ఆ మాట చెప్పడానికి బాబాయిగారే వచ్చి మా తలుపు కొట్టారు. ఆసుపత్రికి తీసుకెళ్దామని నింపుకున్న కాఫీ ఫ్లాస్కు ఇంకా ఆయన చేతిలోనే ఉంది. "మీ పిన్ని ఇక లేదమ్మాయ్. ఇప్పుడే ఫోన్ చేశారు" అన్నారు. నేను ఆ ఫ్లాస్కు అందుకున్నాను.

ఆవిడ మా అమ్మకు చెల్లెలేమీ కాదు. పుప్పాలగూడలో మా అపార్ట్‌మెంటులో ఎదురు తలుపు. వాళ్లది కాకినాడ, మాది అనంతపురం. మేం అద్దెకు దిగిన రోజున ఆంటీ అని పిలిస్తే, "ఆంటీలు ఈ బిల్డింగు నిండా ఉన్నారు, నన్ను పిన్నీ అను" అని వరస కలిపేశారు. ప్రభుత్వ ఆఫీసులో టైపిస్టుగా చేరి, పెద్ద హోదాలో రిటైరైన మనిషి. అపార్ట్‌మెంటు వాళ్లందరికీ కలిపి ఉన్న మెయిల్ గ్రూపును నడిపేది ఆవిడే. వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్ పూల కింద అసలు సంగతులు పూడిపోతున్నాయని ఆ గ్రూపు పెట్టించిందీ ఆవిడే.

మధ్యాహ్నానికి ఆ గ్రూపులో కబురు పెట్టారు. ఇక సంతాపాలు మొదలయ్యాయి. ఒక్కొక్కరూ "ఓం శాంతి" అని రెండు ముక్కలు రాయడం, దాని కింద చావు కబురు మొత్తం, అంత్యక్రియల వేళతో సహా వేలాడదీయడం. ఆ కింద అంతకుముందు వాళ్ల ఓం శాంతులు. తెరిచిన ప్రతి మెయిల్లోనూ పిన్నిగారు మళ్లీ పోతున్నారు. నాకు ఏడుపూ వచ్చింది, ఒళ్లూ మండింది. ఈ ఒక్క అలవాటు మాన్పించడానికే కదా ఆవిడ ఇన్నేళ్లు మాతో వేగింది!

ఆవిడ చెప్పేది చాలా చిన్న సంగతి. జవాబు రాసేటప్పుడు అవతలివాళ్లు రాసిందంతా వెంట మోసుకురాకూడదు. దేనికి జవాబు చెబుతున్నామో ఆ వాక్యం మాత్రం ఉంచి, మిగతాది తీసెయ్యాలి. నాకిది కొత్త. పక్కనే ఉన్న రాయదుర్గంలో మా ఆఫీసులోనైతే తాతముత్తాతల నాటి మెయిళ్లన్నీ తోకలా ఉండాల్సిందే, తీసేస్తే ఏదో దాస్తున్నామనుకుంటారు. ఆ మాటే అంటే, పప్పుకి తాలింపు పెడుతున్న పిన్నిగారు కరివేపాకు రెబ్బ ఎత్తి చూపించారు. "దీన్ని కొమ్మతో సహా పడేస్తామా ఏవిటే? ఆకులు దూసి వేస్తాం. తినేవాళ్ల నోటికి పుల్లలు తగలకూడదు" అన్నారు.

సాయంత్రం కళ్లజోడు ముక్కు చివరికి దించుకుని గ్రూపు చదవడం ఆవిడకు నిత్యపూజ. "చూశారా, ఇంత పొడుగు కిందికి దిగితే చివర 'సరే' అని ఒక్క ముక్క! ఆ సరే కోసం నా వేలు అరిగిపోయింది" అని బాబాయిగారికి వినిపించేవారు. ఆయన పేపర్లోంచి తలెత్తకుండా "సరే" అనేవారు. ఆవిడ నవ్వేసేవారు. గ్రూపులో పదిమంది ముందు మాత్రం ఎవర్నీ తప్పుబట్టేవారు కాదు. లిఫ్టులో కలిసినప్పుడు మెల్లగా చెప్పేవారు, అదీ ముందు పిల్లల చదువులు అడిగాకే.

ఒక ఎండాకాలం బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల మీద బతుకుతున్నాం. మా అసోసియేషన్ సెక్రటరీని అందరం అన్న అంటాం. పుప్పాలగూడలోనే పుట్టిన మనిషి, ఈ అపార్ట్‌మెంటు లేచిన నేల ఒకప్పుడు వాళ్ల పొలమే. టైపు చేయడం విసుగు, ఫోన్‌తో మాట్లాడి రాయించేవాడు. నీళ్ల గురించి అలా ఒక పెద్ద మెయిల్ పెట్టాడు. అందులో ఈ మూడు వాక్యాలున్నాయి: "ట్యాంకర్లు తక్కువొస్తే ముందుగాల కిరాయికున్నోళ్లకు నీళ్లు బంద్ చెయ్యాలె. ఇది కొందరు ఓనర్లు నాకు చెప్తున్న మాట. నేనున్నంత వరకు అట్ల కానియ్య."

నాలుగో అంతస్తులో అద్దెకుండే బ్యాంకాయన జవాబిస్తూ మొదటి వాక్యం ఒక్కటే ఉంచాడు. మిగతాదంతా తీసేసి, కింద "ఇది అన్యాయం" అని రాశాడు. పొడుగు మెయిల్ ఎవరు చదువుతారు? అందరూ ఆ పొట్టి జవాబే చదివారు. అన్నే ఆ మాట అన్నాడనుకున్నారు. గ్రూపు భగ్గుమంది. నీళ్లు ఆపేవాడు మాకు సెక్రటరీగా వద్దన్నారు. అన్న భార్య కూరగాయల బండి దగ్గరికి దిగితే, రోజూ కబుర్లు చెప్పే ఆడవాళ్లే మొహాలు తిప్పుకున్నారు.

నేనూ అద్దెకున్నదాన్నే. నిప్పులు కక్కుతూ పిన్నిగారింటికి వెళ్లాను. "ఆయన రాసింది చదివావా, ఈయన కోసింది చదివావా?" అని అడిగి అసలు మెయిల్ నా ముందు పెట్టారు. చదివాక నా కోపం కాస్తా బ్యాంకాయన మీదికి మళ్లింది. "ఉండండి, ఆయన దుమ్ము దులిపేస్తా" అన్నాను. "కూర్చోవే తల్లీ. ముందు ఆయన్ని అడగనీ" అని ఫోన్ చేసి పిలిపించారు.

ఆయన బిత్తరపోయాడు. "అన్నని నేనేమీ అనలేదండీ. ఆ ఓనర్లు అడిగింది అన్యాయమన్నాను. జవాబిచ్చే వాక్యం ఒక్కటే ఉంచమని మీరే కదండీ చెప్పారు?"

పిన్నిగారు కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు. "నిజమే. కోయమని చెప్పాను గానీ, ఎక్కడ ఆపాలో చెప్పలేదు" అన్నారు.

అప్పటికే అన్న అసోసియేషన్ గది తాళాలు వాచ్‌మన్ చేతికిచ్చేశాడు. మెట్ల దగ్గర కనిపిస్తే పలకరించాను. "ఏం మాట్లాడాలె చెల్లె ఇగ? గీ జాగల మా బాయి ఉండె. ఎండకాలమొస్తే సగం ఊరు మా బాయి నీళ్లే తాగిన్రు. మా నాయిన ఒక్కల్ని గూడ వద్దనలె. నేను నీళ్లు ఆపెటోన్నంట!" అన్నాడు. ఫ్లాటు అమ్మేసి బాచుపల్లిలో చెల్లెలి ఇంటి దగ్గరికి వెళ్లిపోతానన్నాడు. పుట్టిన ఊళ్లో తలెత్తుకోలేక మనిషి ఊరు విడిచిపోతానంటున్నాడని వెళ్లి పిన్నిగారికి చెప్పాను.

మర్నాడు పొద్దున్న పిన్నిగారి మెయిల్ వచ్చింది. పైన అన్న మూడు వాక్యాలూ, ఒక్క అక్షరం పోకుండా. కింద ఆవిడ మాట: "ఈ మూడూ కలిస్తేనే ఆయన మాట. వీటిని విడదీసిన తప్పు జవాబు రాసినవారిది కాదు, సగం మర్యాద నేర్పిన నాది. ఇకనుంచి కోశాక ఒక్క క్షణం ఆగండి. రాసినాయన మీ పక్కనే కూర్చుని చదువుతున్నాడనుకోండి. 'అవును, నేనన్నది ఇదే' అని ఆయన అంటాడనిపిస్తేనే పంపండి."

క్షమాపణలు వచ్చాయి. కొందరు మెయిల్లో అడిగారు, కొందరు ఇంటికెళ్లి అడిగారు. అన్న ఫ్లాటు అమ్మలేదు, తాళాలు మళ్లీ తీసుకున్నాడు. పిన్నిగారి మెయిల్ చూసే మెత్తబడ్డాడని అందరం అనుకున్నాం. గ్రూపులో మాత్రం ఆ తర్వాత ఒక్క ముక్కా రాయలేదు. నోటీసులేవైనా ఉంటే ఆయన నోటితో చెప్పేవాడు, పిన్నిగారు టైపు చేసేవారు.

ఇన్నాళ్లకు నిన్న అన్న రాశాడు. ఎప్పటిలాగే ఫోన్‌తో మాట్లాడి రాయించినట్టున్నాడు, ఎక్కడా ఆపు లేదు. పిన్నిగారి గురించి చాలా పొడుగ్గా చెప్పుకుంటూ పోయాడు. ఆ గొడవ రోజున ఆవిడ వాళ్లింటికి వెళ్లిన సంగతీ అందులో ఉంది. అది ఆవిడ నాకు చెప్పలేదు, బాబాయిగారికీ చెప్పలేదట.

జవాబు రాద్దామని కూర్చున్నాను. అన్న రాసిందంతా కిందికి దిగింది. ఒక్కొక్కటే తీసేస్తూ వచ్చి ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "నేను నీళ్లు ఆపెటోన్నని అందరన్ననాడు, మేడం మా ఇంట్లకొచ్చి కూసొని, దూపయితుంది జర మంచినీళ్లియ్యమని మా ఇంటామెనడిగి తాగింది."

అన్న నా పక్కనే కూర్చున్నాడనుకుని ఒకసారి చదివాను. కింద ఏమీ రాయకుండా అలాగే పంపేశాను.