అల్లుడుగారి బొమిక, నా పిల్లనగ్రోవి

ఆ రోజుల్లో డిగ్రీలో చరిత్ర చదివే కుర్రాడికి ఏలూరులో పెద్దగా గౌరవం ఉండేది కాదు. ఇప్పుడు ఉందని కాదు; అప్పుడు లేదన్న సంగతి నాకు స్వయంగా తెలుసు. కంప్యూటర్లు చదివేవాడు ఫోను పట్టుకుంటే ఉద్యోగం వెతుక్కుంటున్నాడనేవారు, నేను పట్టుకుంటే ఫోను పట్టుకున్నాడనేవారు. అలా పట్టుకుని ఉండగానే ఒకరోజు, ఒక వీడియోలో మంచుదేశపు గడ్డం మనిషి ఒకడు గొర్రె కాలి ఎముకతో పిల్లనగ్రోవి చేసి వాయించడం చూశాను. వేల ఏళ్ల కిందట గుహల్లో మనుషులు ఇలాగే చేసుకునేవారట. ఈ మాట మా పాఠ్యపుస్తకంలోనూ ఉంది కానీ, పుస్తకం వాయించి చూపించదు కదా. గుహలో ఉన్నవాడు చెయ్యగలిగినది సెకండియర్ దాటిన నేను చెయ్యలేనా అనిపించింది. (ఒక పేపరు మిగిలి ఉన్నమాట నిజమే. అది ఇంగ్లీషు, గుహలో ఉన్నవాడికీ రాదు.) వెంటనే వెళ్లి కాలేజీ వార్షికోత్సవంలో ‘ఆదిమానవుని వేణుగానం’ అని పేరు ఇచ్చేశాను. పేరు ఇచ్చాక గుర్తొచ్చింది, ఎముక కావాలని.

మాది చర్చికి వెళ్లే కుటుంబం. నాన్న టీచరు. ఆదివారం తెల్లవారగానే మటన్ తేవడం నా పని, ఆరాధనకి వెళ్లేలోపు కూర దించడం అమ్మ పని, తిరిగొచ్చాక తినడం అందరి పని. మేకకి ఎన్ని కాళ్లున్నా మా వాటాకి వచ్చేది ఒక కాలే కాబట్టి, కూరలో మూలుగ బొమిక ఒక్కటే ఉండేది. కొట్టులో దాన్ని రెండు చివరలా నరికి ఇస్తారు. కంచం అంచు మీద టకటకా కొట్టి, లోపలి మూలుగని ఒక్క పీల్పుతో లాగెయ్యాలి. అది నాన్న కంచంలోకి తప్ప ఇంకెక్కడికీ వెళ్లేది కాదు. ఇంటికి పెద్ద ఎవరో తెలియడానికి మాకు వేరే ఆధారాలు అవసరం ఉండేవి కావు. నాన్నకంటే పై హోదా లోకంలో ఒక్కరికే ఉంది, కొత్త అల్లుడికి.

ఆ ఆదివారమే కొత్త అల్లుడు వస్తున్నాడు. అక్క పెళ్లయ్యాక బావ మా ఇంట్లో తినబోయే మొదటి ఆదివారం భోజనం అది. బావది కలిదిండి, చేపల చెరువులు. తల్లి చిన్నప్పుడే పోతే పెద్దమ్మ పెంచింది. ఆ పెద్దమ్మగారు కూడా వస్తున్నారు. పెళ్లి విందు గురించి ఆవిడ, “బాగానే ఉందండీ, ఆకలి మీద ఉన్నవాళ్లకి” అన్నారట. ఆ ఇంట్లో అక్కని ఇంకా తూకం వేస్తూనే ఉన్నారన్నది ఆ ఒక్క మాటతో మా అందరికీ అర్థమైంది. అక్క ముందుగానే ఫోను చేసి, ఏదీ తక్కువ కాకుండా చూడమనీ, తర్వాత ఆవిడతో ఉండాల్సింది తనేననీ అమ్మకి చెప్పింది. ఇదంతా నాకూ తెలుసు. తెలిసినది అవసరమైనప్పుడు గుర్తు రాకపోవడం చదువుకున్నవాడి లక్షణం.

తెల్లవారుజామున నమాజు చేసుకొచ్చి కొట్టు తెరిచే మటన్ బాబాయి, బొమిక కొట్టకుండా మొత్తంగా ఇమ్మంటే కత్తి పక్కన పెట్టి నా మొహం చూశాడు. “అమ్మగారు చెప్పారాండీ?” అని అడిగాడు. కొత్త రకం వంట అన్నాను. వంట సంగతి తనకెందుకన్నట్టు దాన్ని విడిగా పొట్లం కట్టాడు. అందరూ చర్చికి తయారవుతున్న హడావుడిలో నేను డాబా మీద పాత గొడుగు ఊచతో ఎముక రెండు చివరలా చిల్లు పొడిచి, మూలుగంతా బయటికి తోసేశాను. పక్కింటి పిల్లి దాన్ని అక్కడికక్కడే పరిష్కరించింది. ఎముకని బకెట్టులో వేడినీళ్లు, బట్టల సబ్బుపొడి కలిపి నానబెట్టి, ప్రశాంతంగా ఆరాధనకి వెళ్లాను. ఆ రోజు పాస్టరుగారు చెప్పిన వాక్యం ఆశ గురించి అనుకుంటాను.

భోజనాల దగ్గర అంతా సవ్యంగానే మొదలైంది. అమ్మ బావకి కూర వడ్డించబోయి, గరిటెతో గిన్నె అడుగున ఒకసారి వెతికింది. మళ్లీ వెతికింది. ఆ స్టీలు చప్పుడు నా చెవిలో పడేదాకా నాకు ఏమీ తట్టలేదు. పడ్డాక మాత్రం అన్నీ ఒకేసారి తట్టాయి. మా వైపు ఒక విశేషం ఉంది. కోపం పెరిగినకొద్దీ గొంతు తగ్గుతుంది, ‘అండీ’లు పెరుగుతాయి.

“ఏం వెతుకుతున్నారండీ, వదినగారూ?” అన్నారు పెద్దమ్మగారు.

“అబ్బే, ఏం లేదండీ.”

“బొమిక లేదాండీ? పర్లేదండీ. ఏలూరు మేకలకి ఉండవేమోనండీ.”

అమ్మ మొహం పాలిపోయింది. ఆ మటన్ కొట్టువాడి సంగతి ఇప్పుడే తేలుస్తానని నాన్న చెయ్యి కడుక్కోబోయారు. అక్క తల వంచుకుని అన్నం కలుపుతూనే ఉంది, ముద్ద మాత్రం ఎత్తడం లేదు. సరిగ్గా అప్పుడే బావ కంచం ముందు నుంచి లేచి, మెట్లెక్కి డాబా మీదికి వెళ్లిపోయాడు. కొత్త అల్లుడు అన్నం మధ్యలో లేవడం అంటే ఏమిటో మాకు ఎవరూ వివరించనక్కర్లేదు. (చెరువు దగ్గర కరెంటు పోయిందని ఎవరో ఫోను చేశారట. కింద సిగ్నల్ లేదు. ఈ సంగతి మాకు తర్వాత తెలిసింది.)

కాసేపటికి బావ దిగొచ్చాడు. చేతిలో ఎముక ఉంది.

“ఇది మీదేనా, బావమరిదీ? బకెట్టులో నానుతోంది. పిల్లి కాపలా కాస్తోంది.”

చెప్పాను. గుహలు, ఆదిమానవుడు, వార్షికోత్సవం, అన్నీ చెప్పాను. చరిత్ర విషయంలో అంత శ్రద్ధగా విన్న శ్రోతలు నాకు తర్వాత ఎప్పుడూ దొరకలేదు. పెద్దమ్మగారు కళ్లజోడు సర్దుకున్నారు.

“మా అబ్బాయి తినాల్సింది తమరు ఊదుతారాండీ? కానివ్వండి. ఊదండి. విందాం.”

నన్ను ‘తమరు’ అన్న మనిషి అంతకుముందు లేరు. ఎముకకి ఇంకా వేళ్ల రంధ్రాలు పెట్టలేదని చెప్పే ధైర్యం లేక, ఊపిరంతా బిగబట్టి ఊదాను. శబ్దం రాలేదు. అటు చివర నుంచి నిమ్మకాయంత సబ్బు బుడగ ఒకటి వచ్చింది. అది తొందరేమీ లేకుండా నాన్న తల దాటి, కూరగిన్నె మీద కాస్త ఆలోచించి, పెద్దమ్మగారి కళ్లజోడు మీద వాలి పగిలింది. ఆవిడ కళ్లజోడు తీసి చీరకొంగుతో తుడుచుకుంటుంటే ముందు భుజాలు కదిలాయి. తర్వాత ఆవిడ మొత్తం కదిలారు. పెళ్లి ఫొటోల్లో ఒక్కదాంట్లోనూ నవ్వని మనిషి, నీళ్ల గ్లాసు అవతలికి జరిపి మరీ నవ్వారు. అది చూసి అక్క నవ్వింది. ఆ తర్వాతే ముద్ద ఎత్తింది.

మధ్యాహ్నం బావా నేనూ మెట్ల మీద కూర్చుని ఆ పని పూర్తి చేశాం. రంపం బ్లేడుతో చివరలు కోసి, ఆకురాయితో నోటి దగ్గర గాడి, కింద వేలికి ఒక రంధ్రం పెట్టి, గాలికి సన్నటి సందు వదిలి చర్చి నుంచి తెచ్చిన కొవ్వొత్తి మైనం నోటి చివర కూరాం. ఎముక అరగదీస్తే పళ్ల డాక్టరు గది వాసన వస్తుందని అప్పుడే తెలిసింది. పెద్దమ్మగారు కుర్చీ వేయించుకుని, “ఆ గాడి ఇంకాస్త కొయ్యరా, గాలి వెళ్లొద్దూ” అని బావకి చెబుతూ ఉన్నారు. సాయంత్రానికి రెండు స్వరాలు పలికింది. రెండూ దాదాపు ఒకటే. వార్షికోత్సవంలో నేను వాయిస్తుంటే, మైకు కూత పెడుతోందనుకుని సౌండు కుర్రాడు తగ్గించేశాడు. నా ప్రదర్శనకి చప్పట్లు బాగానే వచ్చాయి, కూత ఆగినందుకు. తర్వాత చెరువుల మీద వాలే పిట్టల్ని తోలడానికని బావ దాన్ని కలిదిండి తీసుకెళ్లాడు. కొంగలు ఆసక్తిగా విన్నాయని చెప్పాడు. పెద్దమ్మగారు మాత్రం ఇరుగుపొరుగుకి అక్కని చూపించి, “మా కోడలండీ, బుడగలవాళ్ల అమ్మాయి” అనడం మొదలుపెట్టారు. తూకం వేసేవాళ్లు అలా పేరు పెట్టి పిలవరని అక్కకి తెలుసు.

ఇప్పుడు నేనూ ఒక ఇంటి అల్లుణ్ణి. అత్తవారిది తాడేపల్లిగూడెం. ఆదివారం వెళితే మూలుగ బొమిక అడగకుండానే నా కంచంలోకి వస్తుంది. డాక్టరు వద్దన్నాడు కాబట్టి సగమే పీలుస్తాను. ఆ తర్వాత ఎవరూ చూడకుండా దాన్ని వెలుతురుకి పట్టి, ఒక కన్ను మూసి లోపలికి చూస్తాను. రెండు చివరలా నరికేశారు; పొడవు చాలదు. అయినా ఒకసారి పెదాలకి ఆనించి మెల్లగా ఊదుతాను. ఏమీ రాదు, బుడగ అయినా. వంటింట్లోంచి మా అత్తగారు మాత్రం చూడనే చూస్తారు.

“అల్లుడుగారికి కూర వేడిగా ఉన్నట్టుందే, ఊదుకుంటున్నారు. ఆ ఫ్యాను కాస్త పెంచు” అంటారు మా ఆవిడతో.