పింగాణీ బేసిన్‌కు పూసిన బెల్లం

నిజామాబాద్ నుంచి బోధన్ దాకా నేను బిగించిన నల్లా ఏదీ మళ్లీ చుక్క కార్చలేదు. నూటిరవై ఇళ్లలో చేతులు కడుక్కునే బేసిన్లు నిలబెట్టినవాణ్ని. ఈ మాట పద్దెనిమిదేళ్లుగా పెళ్లిళ్లలో, చాయ్ హోటళ్లలో చెబుతూనే ఉన్నాను. చెప్పిన ప్రతిసారీ ఛాతీలో ఏదో బరువుగా కిందికి జారుతుంది. ఇక మోయలేను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

ముందు ఆ కోతలు సరిచేస్తాను. నూటిరవై కాదు. ఇరవై కూడా కాదు. ఆ తప్పు చేసేనాటికి నేను బిగించినవి మూడే బేసిన్లు. అందులో ఒకటి మా మామగారిది. అది ఇప్పటికీ కారుతూనే ఉంది.

నాలుగోది బోధన్ పక్క పల్లెలో, చెరుకు పండించే ఒక పటేల్ ఇంట్లో. యాభై ఆరులో రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులు. ఆయన మిద్దె కడుతున్నాడు. పైన నీళ్ల డ్రమ్ము, కింద వసారాలో తెల్లటి పింగాణీ బేసిన్. దాన్ని గడ్డిలో చుట్టి హైదరాబాద్ నుంచి లారీలో తెప్పించాడు. ఆ ఊళ్లో అలాంటిది అదే మొదటిది. వాకిలి నిండా జనం. అంతమంది చూస్తుంటే నేను నోరు మూసుకుంటానా?

"ఒక్కపారి బిగించిన్నంటే మల్ల విప్పే పనే లేదు. గది నా చెయ్యి!" అన్నాను.

నల్లా తిప్పాను. నీళ్లు ధారగా పడ్డాయి. ఆడవాళ్లు ముక్కు మీద వేలేసుకున్నారు. నేను మాత్రం వంగి కింద చూశాను. నల్లాను బేసిన్‌కు పట్టి ఉంచే నట్టు దగ్గర ఒక చుక్క. తుడిచాను. ఇంకో చుక్క. చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది. నట్టు కింద ఉండాల్సిన రబ్బరు వాషరు జేబులోనే ఉంది. వేయడం మరిచాను. నట్టు విప్పి, వాషరు వేసి, చేత్తో బిగిస్తే సరిపోయేది, ఒక చుట్ట కాల్చినంత సేపటి పని, కాని విప్పే పనే లేదని అందరి ముందూ అప్పుడే కదా అన్నాను, ఇప్పుడెలా విప్పను? పానా పెట్టి ఇంకాస్త బిగించాను. చుక్క ఆగలేదు. ఇంకాస్త.

టక్కుమంది.

నాకొక్కడికే వినిపించింది. నల్లా దిగిన రంధ్రం నుంచి బేసిన్ లోపలికి, వెంట్రుకంత సన్నగా, జానెడు పగులు. ఆ క్షణంలోనైనా చెప్పి ఉండొచ్చు కదా? ఉండొచ్చు.

అతుకులకు పూసే సఫేదా నా డబ్బాలో అయిపోయింది. వాకిట్లో మిద్దె పని కోసం బెల్లం నీళ్లు పోసి నూరిన డంగు సున్నం కుప్పగా ఉంది. మా దిక్కున మిద్దె కురవకుండా ఉండాలంటే సున్నంలో బెల్లం పడాల్సిందే. మిద్దెకు పనికొచ్చింది పగులుకు పనికిరాదా అనుకున్నాను. ఇంకా గట్టిగా పట్టాలని ఒక బెల్లం ముక్క నలిపి అందులో కలిపాను. పగుల్లోకి కూరి, నట్టు చుట్టూ మెత్తి, తడిగుడ్డతో తుడిచాను. తెలుపులో తెలుపు కలిసిపోయింది. నా తెలివికి నేనే మురిసిపోయాను. అదీ దాచను.

ఆ పూట నాకు అన్నం పెట్టింది ఆ ఇంటి కొత్త కోడలు గంగమణి. వేల్పూర్ పిల్ల, పెళ్లయి ఆరు నెలలు.

నాలుగో రోజు కబురొచ్చింది. వెళ్లి చూశాను. గోడ మీద నల్లటి చీమల బారు. కింది నుంచి పైకి, నేరుగా పగుల్లోకి. సగం సున్నం రాలిపోయింది. గోడ నీళ్లు తాగి ఉబ్బింది. గంగమణి అత్త నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"అర్రల బెల్లం తరుగుతున్నదంటే పిల్లి అనుకున్న. పిల్లిని వేల్పూర్ కెంచి మేమే తెచ్చుకున్నం! దొంగతనంగ తినుడు, గిన్నె గీడ కడుగుడు, గుద్ది పలగ్గొట్టుడు."

"నేను ముట్టలేదత్తా. నీ మీదొట్టు."

"మరి చీమలు అబద్ధమాడుతున్నయా? ఏం మేస్త్రీ, నువ్వు చెప్పు. నువ్వు పెట్టిననాడు గీ పగులున్నదా?"

గంగమణి నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. ఏమీ అనలేదు.

ఆ వారమే ఆమెను వేల్పూర్ పంపించారు. ఏడాది దాకా తీసుకురాలేదు. తెచ్చాక సామాన్ల అర్రకు తాళం పడింది. అత్త పోయేదాకా ఆ తాళంచెవి ఆమె చేతికి రాలేదు. ఊళ్లో ఆమె పేరు 'బెల్లం కోడలు' అయింది. తిండి దొంగ అనిపించుకోవడం కన్నా ఇంటి కోడలికి చావేముంది? చెప్పాలని రెండుసార్లు బోధన్ బస్సెక్కాను. రెండుసార్లూ మధ్యలో దిగిపోయాను. ఊరుకోవడం అబద్ధమాడినట్టేనా? కాదు, ఒక మెట్టు తక్కువ తప్పు అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ మెట్టు మీదే ఇన్నేళ్లు కూర్చున్నాను. ఇదంతా కాగితం మీద పెట్టాక, అబద్ధమెందుకు, ఊపిరి కొంచెం ఆడుతోంది.

పోయిన నెల నిజామాబాద్ బస్టాండులో గంగమణి కనిపించింది. తల సగం నెరిసింది. ఆమె పక్కన కూర్చుని అంతా చెప్పాను. వాషరు, పానా, పగులు, సున్నంలో బెల్లం.

"బెల్లం నువ్వు పెట్టినవా?" అంది. చేతిలోని సంచి జారి కింద పడింది. తీసుకోలేదు. "నువ్వా?"

"నేనే చెల్లె. గప్పుడు నోరు తెరిచి నిజం చెప్పకపోతి. ఊకున్న. గదే నా తప్పు."

ఆమె నన్ను కిందికీ పైకీ చూసింది.

"నువ్వు ఊకోలేదన్నా. 'పగులు లేకుండె అవ్వా, ఏదో ఇత్తడి గిన్నె తాకింది' అన్నవ్. పానా నా దిక్కు చూపెట్టి మరీ అన్నవ్. గప్పటి సంది ఊకున్నది నేను."