రెండున్నర గోలీలు

పోయినవన్నీ ముందు కూడి చెబుతాను. పై వరుసలో ఒక పన్ను. కుడి కనుబొమ్మలో ఆరు కుట్లు పడ్డంత మేర వెంట్రుకలు. పన్నెండు రోజుల పని. ఆదివారం మధ్యాహ్నాలు, ఈ వారంతో కలిపి అరవై రెండు. పొద్దున పెట్టే రెండు గ్లాసుల టీలో ఒక గ్లాసు. ఇరవై మూడేళ్ల కాపురం. చివరిదాన్ని మిగతావాటితో కలిపి కూడకూడదని తెలుసు, కొలతలు వేరు. అయినా ఇంకెక్కడ రాయాలో తెలియక అక్కడే రాశాను.

గుండ్లపోచంపల్లి గోదాముల దగ్గర లారీలు తూచే కాటా మీద నా పని. చదువు ఏడో తరగతితో ఆగింది. శాతాలు, వడ్డీలు, ఘనపుటడుగులు నాకు నేనే నేర్చుకున్నాను. నలభై ఎనిమిదో ఏట షుగర్ వచ్చింది, దాని వెంట బీపీ. ఆ మరుసటి ఏడు నుంచి పడకమీద నా ఒళ్లు నా మాట వినడం మానేసింది. నా భార్య ఏమీ అనలేదు. గోడవైపు తిరిగి పడుకునేది. నన్ను ఇబ్బంది పెట్టకూడదనే అలా తిరిగేదని ఇప్పుడు అనుకుంటున్నాను. అప్పుడు మాత్రం ఆ వీపు చూస్తూ ఎన్నాళ్లయిందో లెక్కపెట్టేవాణ్ని.

మేడ్చల్‌లో ఒక డాక్టరు దగ్గరికి ఆమెకు చెప్పకుండా వెళ్లాను. గుండెకు మాత్రలేమైనా వాడుతున్నానా అని ఆయన రెండుసార్లు అడిగాడు. లేదన్నాక సిల్డెనాఫిల్ యాభై మిల్లీగ్రాముల గోలీ రాసి, బీపీ మందు ఉంది కాబట్టి సగమే వేసుకోవాలని, అదీ కడుపు ఖాళీగా ఉన్నప్పుడేనని చెప్పాడు. సగమంటే ఇరవై ఐదు. రెండు ఆదివారాలు వేసుకున్నాను. రెండుసార్లూ ఆమె మటన్ వండింది, ఎదురుగా కూర్చుని కొసరి కొసరి వడ్డించింది. వద్దంటే ఎందుకని అడుగుతుంది. తిన్నాను. రెండుసార్లూ ఓడిపోయాను.

మళ్లీ వెళితే మందు మార్చాడు. ఈసారి తడలాఫిల్, పది మిల్లీగ్రాములది. రోజుకు ఒకటి మించొద్దు, వారానికి రెండుసార్లు చాలు అన్నాడు. పది గోలీల షీటు కొన్నాను. బస్సులో పాత చీటీ, కొత్త చీటీ మోకాళ్ల మీద పరుచుకుని పోల్చాను. ఇరవై ఐదుకే కాని పని పదితో ఎలా అవుతుంది? డాక్టరు భయపడి సగానికన్నా తగ్గించాడనుకున్నాను. కాటా మీద ఇనుమైనా దూదైనా క్వింటాలు క్వింటాలే. పాతదానికి సమానం కావాలంటే కొత్తవి రెండున్నర. ఇంత చిన్న భాగహారం కోసం వెనక్కి వెళ్లి అడగడం నామోషీ అనిపించింది.

కాటాకు ఒక పద్ధతి ఉంది. బండిని ఎక్కించే ముందు, బరువు తెలిసిన రాళ్లు పెట్టి సరిచూస్తాం. మూడోసారి ఆమె ముందు ఓడిపోయే ధైర్యం నాకు లేదు. అందుకని ముందు నన్ను నేనే సరిచూసుకున్నాను. నాలుగు రోజుల తేడాతో రెండు మధ్యాహ్నాలు, కాటా పక్కనున్న గదిలో గడియ వేసుకుని, రెండున్నర చొప్పున మింగాను. మొహం మండింది, నడుము పట్టేసింది, లేచి నిలబడితే గది ఊగింది. కానీ ఒళ్లు మాట విన్నది. రెండో రోజు సిమెంటు గచ్చు మీద కూర్చుని సంతోషంతో ఏడ్చాను.

ఆ ఆదివారం ఇంట్లో మూడో విడత వేసుకున్నాను. బిడ్డ దుండిగల్‌లో కాలేజీ హాస్టల్లో ఉంటుంది, ఇంట్లో మేమిద్దరమే. వేడి నీళ్లు పోసుకుని లేస్తుంటే కళ్లు చీకట్లు కమ్మాయి. మొహం నీళ్ల నల్లాకు కొట్టుకుంది.

ఆసుపత్రిలో ఏం మందులు వాడతాడని డాక్టరమ్మ అడిగితే, నా భార్య నా చొక్కా జేబులోంచి షీటు తీసి ఇచ్చింది. ఆ మందు దేనికో ఆమెకు అక్కడే తెలిసింది. డాక్టరమ్మ నన్ను కోప్పడింది. ఇవి రెండూ వేర్వేరు మందులు, మిల్లీగ్రాములు పక్కపక్కన పెట్టి చూడకూడదు, దీని పది ఇంచుమించు దాని యాభై అంత పనిచేస్తుంది, పైగా ఒకటిన్నర రోజు ఒంట్లో ఉంటుంది అంది. అంటే డాక్టరు తగ్గించలేదు, రెట్టింపు చేశాడు. దాని మీద నేను మళ్లీ రెండున్నర రెట్లు మింగాను.

డాక్టరమ్మ వెళ్లాక నా భార్య షీటును వేలితో తడిమింది.

“ఇయ్యాల ఎన్నేసుకున్నవ్?”

రెండున్నర అన్నాను.

“మిగిలినయ్ రెండున్నర. ఇంట్ల రెండున్నర. ఇగ ఐదు ఎవలింట్ల వేసుకున్నవ్?”

నీ ముందు పరువు పోతుందన్న భయంతో వేసుకున్నానని చెప్పాలి. పక్క మంచం వాళ్లు వింటున్నారు. పడిపోయినయ్ అన్నాను.

“సరిగ్గ ఐదే పడ్డయా?” అంది, అంతే.

కుట్లు విప్పేదాకా, పన్నెండు రోజులు, జావ కాచి పోసింది. పదమూడో రోజు తూంకుంటలో వాళ్ల అన్న ఇంటికి వెళ్లిపోయింది.

ఎనిమిది నెలలకు గానీ నాకు నోరు రాలేదు. శామీర్‌పేట దగ్గర మొక్కలు పెంచే నర్సరీలో పనికి కుదిరిందని తెలిసి అక్కడికి వెళ్లాను. ఆమె సంచుల్లో మట్టి నింపుతోంది. గది, రెండు మధ్యాహ్నాలు, ఊగిన నేల, ఏదీ దాచకుండా తేదీలతో సహా చెప్పాను. చేతులు ఆపకుండా చివరిదాకా విన్నది.

“మంచిగనే కలిసింది లెక్క,” అంది. “తక్కువొచ్చిన లారీని కాయిదం మీద సరిజేసొచ్చి నవ్వుకుంట జెప్పెటోనివి నాకు. ఎనిమిది నెలలు కూసోని కలిపినవ్ గిది. ఆ దినం అడుగంగనే ఏదన్న ఒకటి నోట్లకెళ్లి ఎల్లుంటే నమ్ముదును.”

నీకు భయపడ్డ అన్నాను.

ఆమె చేతులు అప్పుడు ఆగాయి. “నాకా? నేనేమన్న నిన్ను?”

ఏమీ అనలేదు. ఎంత వెతికినా ఆమె నన్ను అన్న మాట ఒక్కటీ దొరకలేదు. ఆమె మంచినీళ్లు ఇచ్చి, బస్సు పోతుంది, జల్దీ నడువు అంది.

అప్పుడప్పుడు ఫోన్ చేసి బీపీ గోలీ వేసుకున్నానా అని అడుగుతుంది. వేసుకున్నానంటాను. ఏ మందు ఎంతకు ఎంత సమానమో ఇప్పుడు నాకు బాగా తెలుసు, ఎవరైనా అడిగితే డాక్టరునే అడగమంటాను. ఆమెకు నేను లెక్క ఒప్పజెప్పాల్సినవి మాత్రం ఈ రోజుకీ తగ్గలేదు. ఐదు.