తాత నా వయొలిన్‌కు సెగ చూపించిన రోజు

మా చిన్నప్పుడు... వానాకాలం సాయంత్రం నేను బిందెతో నీళ్లు పట్టుకుని ఇంట్లోకి వచ్చేసరికి, మా తాత పొయ్యి ముందు గొంతుక్కూర్చుని నా వయొలిన్‌ను నిప్పుల మీద తిప్పుతున్నాడు!

అబద్ధం కాదు... నిప్పుల మీదే. తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

అశ్వారావుపేట దగ్గర మా ఊరు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి. ఒకవైపు పామాయిల్ తోటలు, ఇంకోవైపు అడవి. నాన్న పామాయిల్ గెలలు మోసే ట్రాక్టర్ నడిపేవాడు. తాత డప్పు కొట్టేవాడు. ముత్యాలమ్మ కొలుపు వచ్చిందంటే ముందు ఆయన డప్పు మోగాలి, తర్వాతే ఏదైనా.

ఇక ఆ వయొలిన్ మా బడిలో తెలుగు చెప్పే టీచరమ్మది. ఆమెది రాజమండ్రి వైపు. నేను ప్రార్థన పాడటం విని, "నీ గొంతులో శ్రుతి ఉందే పిల్లా" అని తన పాత వయొలిన్ నా చేతికిచ్చి, సాయంత్రాలు నేర్పేవారు.

శ్రుతి ఏమో గానీ, ఇంటికొచ్చి కమాను పెట్టి లాగితే కిర్రు కిర్రుమనేది. కోళ్లు బెదిరి చూరు కిందికి పరుగెత్తేవి. పక్కింటి పెద్దమ్మ గోడ అవతలి నుంచి "ఆ తలుపుకు జర నూనె పెట్టుండ్రే!" అని కేకేసేది. నాకు రోజూ ఏడుపే. తిరిగి ఇచ్చేద్దామనే అనుకున్నాను.

నేనేడిస్తే తాత చూడలేడు. "ఏడ్వకు బిడ్డా... తప్పు నీది గాదు. వానకు వాద్యం తడి పట్టింది. జర సెగ జూపిస్తే గణగణ మోగుతది" అన్నాడు.

డప్పుకైతే అది నిజమే. వానకు చర్మం మెత్తబడితే గడ్డి మంట మీద కాచాలి, వేళ్లతో తట్టి చూడాలి, మళ్ళీ కాచాలి... ఆయన పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చేసిందదే. ఊరడించడానికి అన్నాడనుకుని నేను నీళ్లకు వెళ్లిపోయాను.

వచ్చి చూస్తే ఇదీ!

"తాతా!" అని అరిచాను. ఆ అరుపు పూర్తి కాకముందే 'టప్' మంది. పై చెక్క అతుకు ఊడి, వయొలిన్ నోరు తెరిచింది. తీగలు వదులై వేలాడాయి. లోపల చూస్తే... ఖాళీ! ఇన్నాళ్లూ ఆ కిర్రుకిర్రంతా ఈ ఖాళీలోంచా వచ్చిందని, అంత భయంలోనూ ఆశ్చర్యపోయాను.

అమ్మ చేతిలో గరిటె కింద పడింది. తాత వయొలిన్‌ను నిప్పుల మీంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "చర్మం గాదని ఎర్కే బిడ్డా... కట్టెకు గూడ తడి పడ్తది గదా అనుకున్న..."

మర్నాడు ఉతికిన పంచె కట్టుకుని, వయొలిన్‌ను తువ్వాలులో చుట్టుకుని తాతే బడికి వచ్చాడు. టీచరమ్మ విప్పి, ఊడిన చెక్క అంచును వేలితో తడిమి చూశారు.

"తిట్టినా పడ్తనమ్మా" అన్నాడు తాత, తల దించుకుని.

"అయ్యో, అదేం మాటండీ! జిగురు ఊడింది, చెక్క పగల్లేదుగా. మా ఊళ్లో అతికించి ఇస్తారు" అన్నారావిడ.

హమ్మయ్య అనుకున్నాను. కానీ అసలు దెబ్బ తర్వాత తగిలింది... తాత డప్పును మేకుకు తగిలించి ఇక ముట్టుకోలేదు! కొలుపు రోజు పిలవడానికి పెద్దలు వస్తే, "వాద్యానికి కీడు జేసిన చెయ్యి ఇది. తల్లి ముంగట ఎట్ల కొట్టాలె?" అన్నాడు. ఆ యేడు ముత్యాలమ్మ ముందు ఇంకెవరి డప్పో మోగింది. ఆ మోత వినబడుతుంటే తాత గోడవైపు తిరిగి పడుకున్నాడు.

బాగుచేయించిన వయొలిన్ టీచరమ్మ చేతికి వచ్చిన రోజు, ఇదంతా ఆమెకు చెప్పాను. ఆమె వయొలిన్ మళ్ళీ నా చేతిలో పెట్టి, "తాతగారి పక్కనే కూర్చుని వాయించు. తాళం తప్పినా ఆపకు. ఆయన చెవి ఊరుకోదులే" అన్నారు.

వాయించాను. రోజూ, ఆయన మంచం పక్కనే. ఆయన గోడవైపే తిరిగి పడుకునేవాడు. ఒక సాయంత్రం వాన పడుతోంది... చూద్దును కదా, తాత వేలు మంచం పట్టె మీద కదులుతోంది! కంగారులో నా వేగం పెరిగిపోయింది.

"ఏందే ఆ ఉరుకుడు! ఎనక పులి వస్తున్నదా?"

లేచాడు. మేకు మీంచి డప్పు తీశాడు. పొయ్యి దాకా వెళ్లి ఆగిపోయాడు. వెనక్కి తిరిగి డప్పు నాకిచ్చాడు.

"నువ్వే కాయి బిడ్డా. నేను చెప్త."

నేనా! ఆడపిల్ల డప్పు పట్టుకోవడం మా వాడలో అప్పటిదాకా ఎవరూ చూడలేదు. అమ్మ గుమ్మంలో కొయ్యబారిపోయింది. "ఇంకింత ఎత్తు... తిప్పు... అవ్, గిప్పుడు తట్టు." తట్టాను. ఖంగుమంది! తాత మొహంలోకి నవ్వు వచ్చింది.

ఆ సాయంత్రం నా సరళీ వరుసలకు తాత దరువు వేశాడు. పక్కింటి పెద్దమ్మ తలుపు మాట ఎత్తకుండా వచ్చి అరుగు మీద కూర్చుంది. ఆ తర్వాత నన్ను వాయించమని ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది... భోజనానికి లేవమని బతిమాలాల్సి వచ్చేది. మరుసటి కొలుపుకు మళ్ళీ తాత డప్పే ముందు మోగింది.

ఇప్పుడు తాత లేడు. ఆ డప్పు ఖమ్మంలో మా అపార్ట్‌మెంట్ గోడకు ఉంది. మా పాప ఫోన్ చూసి కీబోర్డ్ నేర్చుకుంటోంది. తప్పు వాయిస్తే తెర మీద ఎర్ర గీత వస్తుంది, అంతే. "ఏందే ఆ ఉరుకుడు" అనే మనిషి పక్కన లేడు.

మొన్న వానలో పాప డప్పు దింపి తట్టింది. 'దబ్' మంది. "అమ్మా, దీనికి ఛార్జింగ్ అయిపోయిందా?" అంది. నవ్వుతూనే, కాచి చూపిద్దామని లేచాను. మాది కరెంటు పొయ్యి. ఇల్లంతా వెతికాను... ఒక్క అగ్గిపుల్ల కూడా లేదు. తాత డప్పుకు సెగ చూపించడానికి ఇంత మంట లేని ఇంట్లోనా నేనుంటున్నది!

మీ గోడకూ ఏదో ఒక వాద్యం వేలాడుతూ ఉంటుంది కదా... అది చివరిసారి ఎవరి చేతిలో మోగిందో చెప్పరూ?