తుడిచేసిన పేర్లు

విజయవాడలో ఒక యూనివర్సిటీ మైక్రోబయాలజీ ల్యాబులో నేను అటెండరుగా చేరాక వచ్చిన మొదటి దసరా అది. ఆయుధపూజకని ల్యాబంతా శుభ్రం చేస్తూ, ఫ్రిజ్‌లో దాచిన బ్యాక్టీరియా ట్యూబులను కూడా మరకలు పోయేలా స్పిరిట్‌తో తుడిచి బొట్లు పెట్టాను.

పండగ వెళ్లాక పామర్రు నుంచి ఒక రైతు తన చెరువులో చచ్చిన చేపలు తెచ్చారు. వాటిని చంపిన బ్యాక్టీరియా ఏదో గుర్తుపట్టాలంటే తెలిసినవాటితో పోల్చాలట. ల్యాబు చూసుకునే మేడమ్ ఆ ట్యూబులు తీశారు.

"వీటి మీద పేర్లేవమ్మా?"

నేను తుడిచినవి మరకలు కావని అప్పుడు తెలిసింది.

"ఆలస్యమవుద్దాండీ? రెండో చెరువులోనూ తేలుతున్నాయి," అన్నారు రైతు.

ఏ ట్యూబులో ఏముందో మళ్లీ తేల్చేసరికి ఆయన చెరువులు రెండూ ఖాళీ అయ్యాయి. ఆలస్యం ఎందుకైందో మేడమ్ ఆయనకు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఇన్నేళ్లకు చెబుతున్నాను, అదీ మీకు, ఆయనకు కాదు.