చెక్క మీద కట్టిన పిరమిడ్

కువైట్‌లో, సబా అల్ సలేంలో నేను పనిచేసిన ఇంట్లో చిన్నమ్మాయికి చదువు చెప్పడానికి ఈజిప్టు నుంచి వచ్చిన ఒక ముసలాయన వచ్చేవాడు. అందరం ఉస్తాద్ అనేవాళ్లం. వారానికి మూడు సాయంత్రాలు హవల్లీ నుంచి రెండు బస్సులు మారి వచ్చేవాడు. కాస్త ముందుగా వస్తే మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, తలుపు తీయనిచ్చేది కాదు. చెప్పిన టైం అయ్యేదాకా ఆయన గేటు బయట ఎండలో నిలబడాలి. లోపలికి వచ్చాక, చెమటకు వీపుకు అతుక్కున్న ఆయన చొక్కా చూసి ఆ పదకొండేళ్ల పిల్ల ముక్కు మూసుకునేది. ఆయనకు ఒక కాలు కుంటు. వెనకే కుంటుకుంటూ నడిచి చూపించేది. మామా నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. మామాతో పాటు నవ్వితే ఆ రోజు నాకు కాస్త తేలిగ్గా గడిచేది.

ఆ ఏడు బడిలో ఆ అమ్మాయిని పిరమిడ్ బొమ్మ చేసుకు రమ్మన్నారు. బజారులో కొనేద్దామంది మామా. ఉస్తాద్ ఒప్పుకోలేదు. వయసులో ఉన్నప్పుడు ఆయన పిరమిడ్ల దగ్గరి గుళ్లలో, గోడల మీద చెక్కిన బొమ్మల్ని కాగితం మీదికి ఎక్కించే పని చేశాడట. ఒక్క పిరమిడ్డే చేస్తే ఏముంది, దాని చుట్టూ ఉన్నదంతా చేద్దామని పెద్ద ప్లైవుడ్ చెక్క, జిప్సం, థర్మోకోల్ తెప్పించాడు.

రెండో రోజుకే ఆ అమ్మాయి ఫోను పట్టుకుని సోఫాలో పడుకుంది. జిప్సం కలపడానికి ఉస్తాద్ నన్ను పిలిచాడు. చేస్తూ చెప్పేవాడు. నది ఒడ్డున ఒక గుడి. అక్కడి నుంచి గుట్ట మీదికి, పైన కప్పు వేసిన పొడవాటి రాతి దారి. దారి చివర పిరమిడ్‌ను ఆనుకుని ఇంకో గుడి. ఆ పై గుడిలో చనిపోయిన రాజుకు పూజారులు రోజూ రొట్టె, మాంసం పెట్టేవారట. రోజూనా అని అడిగాను నాకొచ్చిన అరబ్బీలో. మా రాయచోటి వైపు పెద్దలకు ఏడాదికొకసారే పెడతామన్నాను. రాజు కదా, కొన్ని తరాలు పెట్టి వాళ్లూ మానేశారులే అని నవ్వాడు.

రాళ్లు లాగినవాళ్లు బానిసలేనా అని కూడా అడిగాను. కాదన్నాడు. వాళ్ల సమాధులు పిరమిడ్ పక్కనే దొరికాయట. విరిగి మళ్లీ అతుక్కున్న ఎముకలు ఉన్నాయట. అంటే దెబ్బ తగిలినవాణ్ని ఎవరో కూర్చోబెట్టి, కట్టు కట్టి, తిండి పెట్టారని చెప్పాడు. ఆ ఇంట్లో నాకు ఒక సంగతి నిదానంగా విడమరిచి చెప్పిన మనిషి ఆయనొక్కడే.

కింది గుడికి స్తంభాలు నేనే నిలబెట్టాను, మాకరోనీ గొట్టాలకు జిప్సం పూసి. మూడు వారాలు పట్టింది.

గురువారం బడికి తీసుకెళ్లాలి. మంగళవారం మధ్యాహ్నం హాలు ఊడుస్తూ తివాచీ లాగాను. చెక్క పెట్టిన బల్ల కాలు దాని మడతలో ఇరుక్కుని ఉంది. బల్ల ఒరిగి చెక్క జారిపోయింది. పిరమిడ్ అంచు పగిలింది, రాతి దారి మూడు ముక్కలైంది, స్తంభాలు సోఫా కిందికి దొర్లాయి. తలెత్తితే బడి సంచీతో ఆ అమ్మాయి గుమ్మంలో నిలబడి ఉంది. నన్నూ, కింద పడ్డ చెక్కనూ చూసి మేడ మీదికి పోయింది.

నాకంటే ముందు పనిచేసినామెను, గాజు దీపం పగలగొట్టిందని ఏజెంటు ఆఫీసుకు తిప్పి పంపేశారు. మామా వచ్చి అడిగినప్పుడు నాకు అదొక్కటే గుర్తొచ్చింది. నిన్న ఉస్తాద్ బల్ల జరిపాడనీ, చెక్కను అంచు మీదే వదిలేసి పోయాడనీ చెప్పాను.

ఆ రోజు ఆయన్ను గేటు దాటనివ్వలేదు. తను బల్లను ముట్టుకోలేదన్నాడు. నా వైపు చూపించి, "ఆమెనే అడగండి" అన్నాడు.

మామా నా వైపు తిరిగింది.

"జరిపావు ఉస్తాద్. నేను చూశాను" అన్నాను.

పగిలిన చెక్కను తెచ్చి చెత్త డబ్బాలో వేయమంది మామా, ఆయన ముందే. తెచ్చి వేశాను. చెక్క పట్టకపోతే కాలితో తొక్కి విరిచాను. ఆయన చివరిదాకా చూసి, బస్సు స్టాపు వైపు కుంటుకుంటూ వెళ్లిపోయాడు.

ఇంటి డ్రైవరు కడపాయన. జరిగింది చెప్పుకుంటే, "ఆయప్ప పోతే నీదేం పోతాది చెల్లీ? నీ పని నిలబడింది గదా. ఖలాస్" అన్నాడు.

ఖలాస్ కాలేదు. బజారులో కొన్న పిరమిడ్‌తో పాటు బడికి ఒక వీడియో కూడా కావాలంది ఆ అమ్మాయి. మిట్టమధ్యాహ్నం పెరట్లో నీళ్ల డబ్బాలు నింపిన పెట్టెకు తాడు కట్టి నా భుజానికి తగిలించింది. చేతిలో కర్ర పట్టుకుని, బానిసలా ఏడుస్తూ లాగమంది.

"వాళ్లు బానిసలు కాదంట" అన్నాను.

"పడేసింది నువ్వేనని మామాకు చెప్పమంటావా?"

ఏడుస్తూ లాగాను. నాలుగుసార్లు తీసింది. తరువాత కూడా వదల్లేదు. నాచేత కాళ్లు పట్టించుకునేది. నా పళ్లెంలో ఉప్పు పోసి, తినేదాకా ఎదురుగా కూర్చునేది. అలా ఐదు నెలలు.

ఒక శుక్రవారం సెలవిస్తే ఇఖామా, అదే ఇక్కడ ఉండడానికిచ్చే అనుమతి కార్డు, జిరాక్సు తీయించుకుందామని హవల్లీలో ఒక దుకాణానికి వెళ్లాను. మెషీన్ దగ్గర ఉస్తాద్ ఉన్నాడు. కార్డు తీసుకుని ఎన్ని కాపీలని అడిగాడు. రెండన్నాను. ఆ వెంటనే, ఆ రోజు పడేసింది నేనేనని చెప్పేశాను.

"తెలుసు. మీ మామాకూ తెలుసు" అన్నాడు. "తరువాత ఫోన్ చేస్తే ఆమే చెప్పింది. హాల్లో కెమెరా ఉందట, అన్నీ చూసిందట. ఎటూ నన్ను మాన్పించాలనే ఉందట. నీ మాట పనికొచ్చిందంది."

క్షమించమని అడిగాను. కాపీలు నా ముందు పెట్టి, వెనక జనం ఉన్నారు, పక్కకు జరగమన్నాడు.

ఇల్లు చేరేసరికి ఆ అమ్మాయి సోఫాలో కాళ్లు చాపుకుని పిలిచింది. చెప్పుకో పొమ్మన్నాను. ఆమె నమ్మలేనట్టు చూసి, లేచి పరిగెత్తింది. లోపల మామా నవ్వు వినిపించింది. కాసేపటికి మామా వంటింట్లోకి వచ్చింది.

"నువ్వు అబద్ధం బాగా చెప్తావు. మొహంలో ఏమీ కనిపించదు. అందుకే ఉంచుకున్నాను" అని, రాత్రికి చుట్టాలొస్తున్నారు, బియ్యం నానబెట్టమని చెప్పి వెళ్లింది.

నానబెట్టాను. ఆ ఇంట్లో ఇంకో పద్నాలుగు నెలలు పనిచేశాను.