మూడో పొరకు బొట్టు

కాలేజీలో సైన్స్ ప్రదర్శన ఎల్లుండి అనగా శారద ఫోన్ చేసింది. "డిటెక్టర్‌లో మూడో పొర పోయిందే. పిల్లల మొహాలు చూడలేకపోతున్నాను. నువ్వు రావాలి" అంది. శారద నా ఎమ్మెస్సీ స్నేహితురాలు, అమలాపురంలో ఫిజిక్స్ లెక్చరర్. ఆకాశం నుంచి వచ్చే కణాల దారిని ఒకదాని కింద ఒకటిగా పేర్చిన పొరలతో పట్టే పరికరాన్ని ఏడాదంతా విద్యార్థులతో కలిసి కట్టింది. ప్రోగ్రాం నేను రాసిచ్చాను. ఆ రాత్రే హైదరాబాద్‌లో నర్సాపురం రైలెక్కాను.

ఉదయం ఏడున్నరకు దిగాను. వంతెన మీదుగా బస్సులున్నాయి, కానీ గోదావరి మీద తేలకుండా కోనసీమలో అడుగుపెట్టడం నాకు చేతకాదు. స్టేషన్ బయట పెసరట్టు తిని, ఆటోలో రేవుకు వెళ్లి, ఏరు దాటించే సఖినేటిపల్లి పంటు ఎక్కాను. మీరూ తినే ఎక్కండి, అది నిండేదాకా కదలదు.

పక్కన కుంకుమ భరిణెతో ఇద్దరు తోడికోడళ్లు కూర్చున్నారు. ఇంట్లో పెళ్లట. నర్సాపురంలో పిలుపులు ముగించుకుని వెళ్తున్నారు. పిలవడానికి వెళ్లిన ఇంట్లో ఎవరూ లేకపోతే ఏం చేస్తారని అడిగాను.

"తాళమేసుంటే గుమ్మానికి బొట్టెట్టి వచ్చేత్తామండీ" అంది పెద్దావిడ. "ఇంట్లో లేనోళ్లని రానన్నోళ్లలో కలిపేత్తామేటండీ?"

రాజోలు మీదుగా బస్సులో అమలాపురం చేరేసరికి పదకొండు. ల్యాబ్‌లో ఎవరి మొహంలోనూ కళ లేదు. కొత్త భాగం రావడానికి వారాలు పడుతుంది. కణం ప్రతి పొరనూ తాకితేనే దారి అని నమ్మే నా ప్రోగ్రాం, మూడోది పలకలేదని అన్ని దారులనూ కొట్టిపారేస్తోంది. తెర ఖాళీ.

"పైదీ కిందదీ చూసి మధ్యలో మనమే చుక్క పెట్టేద్దామండీ" అంది శ్రావణి అనే విద్యార్థిని, మెల్లగా. శారద ఆ అమ్మాయిని వారించలేదు. నాకు మనసు చివుక్కుమంది.

పంటు మీది ఆవిడ మాట చెప్పాను. ఈ మూడో పొర తాళం వేసిన ఇల్లు. పలకలేదని దారిని కాదనకూడదు, దాని తరఫున మనం పలకనూ కూడదు. పనిచేసే పొర పలక్కపోతేనే అనుమానించాలి.

పనసపొట్టు కూరతో భోంచేసి కూర్చున్నాం. మూడో పొర పనిచేయదని ప్రోగ్రాంకు చెప్పి, మిగతావన్నీ పలికితే దారిని ఒప్పుకోమన్నాం. నాలుగింటికి తెర మీద సన్నటి గీత పడింది, మధ్యలో ఖాళీతో. శారద కళ్లు తుడుచుకుంది.

మర్నాడు ప్రదర్శనలో ఒక పెద్దాయన ఆ ఖాళీ ఏమిటని అడిగారు.

"ఆ పొర చెడిపోయిందండీ. అక్కడేం జరిగిందో మాకు తెలీదండీ" అంది శ్రావణి, తల ఎత్తి.

సాయంత్రం తిరుగు పంటులో ఉండగా శారద ఫొటో పంపింది. మూడో పొర అంచున కుంకుమ బొట్టు. శ్రావణి పెట్టిందట. నవ్వొచ్చింది, కళ్లూ చెమర్చాయి. ఈ సీమలో ఇంట్లో లేనివాళ్లకూ పిలుపు అందుతుంది.